తాలీం మట్టి

పొద్దుగాల లేవంగనే అంబదాస్ వస్తాదుకు మోకాళ్ళు పట్టుకపొయ్యేటియి. మంచం పట్టె మీద రెండు చేతులు ఆనిచ్చి, ఒక్క మూలుగు మూలిగి, మెల్లగ లేచి నిలవడేటోడు. మాళేగావ్ జాత్రల, పర్భణిల, నిజామాబాద్ దాంక పోయి కుస్తీలు కొట్టిన పెయ్యి అది. చెవులు నలిగి నలిగి ముద్దలైనయి. యాభై దాటినంక గా పెయ్యే ఆయనకు బరువైంది. అయినా తాలీంకు పోకుంట ఒక్కనాడు ఉండలే.

కుస్తీ నేర్పే గా తాలీం నాందేడ్ పాత ఊర్లె ఉండె. గోదారిని అక్కడోళ్ళు గంగ అంటరు. గా గంగ ఒడ్డుకు దిగే గల్లీల. పెద్ద మేడేం గాదు. నాలుగు మట్టిగోడలు, మీద రేకులు, ఒక మూలకు మారుతి గూడు, నడుమ హౌదా. హౌదా అంటే కుస్తీ పట్టే మట్టి గుంత. చుట్టు రాతి బండలు పరిచి, లోపట నడుం లోతు మట్టి పోసి ఉంటది. పిలగాండ్లు రాకముందే అంబదాస్ పార పట్టుకోని గా మట్టిని కింది మీద జేసేటోడు. పసుపు, నువ్వుల నూనె, నిమ్మకాయ రసం, ఇంట్ల చిలికిన చల్ల, అన్ని మట్టికే. పసుపు కిరాణ షావుకారి బాబురావ్ దుకాణం నుంచి అచ్చేది. చల్ల అంబదాస్ భార్య కాశీబాయి పంపేది. వాళ్ళకు రెండు బర్లు ఉండె, పాలమ్ముకొని బతికేటోళ్ళు. ఒక్కగానొక్క బిడ్డ పెండ్లై ముఖేడ్‌ల ఉన్నది.

"మట్టి మందు రా," అని ఆయన పిలగాండ్లకు చెప్పేటోడు. "నలభై ఏండ్ల సంది దీంట్ల పొర్లుతున్న. నాకు జొరం అచ్చుడు ఎవలన్న చూసిన్రా?"

ఎవలు చూడలే. నిజమే అది.

కరువు ఏండ్లల్ల తాలీం వెనుక కాళీ జాగల గుడిసెలు పడ్డయి. మర్ఖేల్ దిక్కు నుంచి, దెగ్లూర్ దిక్కు నుంచి, చేన్లు ఎండి, బర్లను అమ్ముకోని అచ్చినోళ్ళు. మొదాలు పది గుడిసెలు, తర్వాత ఎవలు లెక్క పెట్టలే. వాళ్ళ స్నానాల నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, రాత్రి గోడ వారకు కూసున్న పిల్లల మురికి, అంత పోనీకి తాలీం వెనుకగోడ పొంటి ఒక కాల్వ తవ్వుకున్నరు. అంబదాస్ చూసిండు. చూసి ఊకున్నడు. పొట్ట చేత పట్టుకోని అచ్చినోళ్ళతోని ఏం కయ్యం పెట్టుకుంటడు?

రెండేండ్లైనంక, ఒక వానకాలం, పిలగాండ్లకు సెగగడ్డలు లేసుడు షురువైంది. ఒకనికి వీపు మీద, ఒకనికి చంకల. ఒకనికి తొడల నడుమ తామర పట్టి నడువలేకపోయిండు. అంబదాస్ పసుపు ఇంకింత కలిపిండు. యాపాకు నూరి కలిపిండు. అయినా తగ్గలే. ఒక్కొక్కడు తాలీంకు రాకుంటైండు. "ఏందిరా, పాలు తాగే పిల్లల లెక్క! మా కాలంల ఎముకలు ఇరిగినా అచ్చేటోళ్ళం," అని వాళ్ళ ఇండ్లకు పోయి తిట్టి అచ్చిండు.

ఒకనాడు కాశీబాయి ఆయన ధోతి ఉతుకుకుంట ముక్కుకాడికి తెచ్చుకున్నది.

"ఇగో, గిది ఎప్పటి మట్టివాసన గాదు," అన్నది.

"మరేం వాసన?"

"ఏమో. మోరి వాసన, మురికినీళ్ళ వాసన."

"నీ ముక్కుకు జలుబైంది," అన్నడు అంబదాస్. గని ఆనాడు తాలీంకు పోయి పిడికెడు మట్టి తీసి తను గూడ వాసన చూసిండు. ఆయనకు పసుపు వాసనే అచ్చింది. పసుపు వాసన రావాలని గట్టిగ అనుకున్నడు గూడ.

గా ఏడు ఆయన ఆశ అంత సీతారాం మీద ఉండె. సీతారాం మోండాల, అంటే గింజల మార్కెట్ల, హమాలి. క్వింటాల్ బస్తాను వీపున ఏసుకోని మెట్లెక్కేటోడు. తండ్రి లేడు, తల్లి శాంతాబాయి నాలుగిండ్లల్ల బాసండ్లు తోముతది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. మాళేగావ్ జాత్రల వాడు గెలుస్తడని అంబదాస్ ఊరంత చెప్పుకున్నడు. గణపతులు పోయినంక ఒకనాడు పొద్దుగాల పట్టు పడుతుంటే సీతారాం మోకాలు బండకు గీసుకపోయి చర్మం లేసిపోయింది. రగుతం కారింది. అంబదాస్ ఎప్పుడు చేసేదే చేసిండు. హౌదా లోపట నుంచి సల్లటి మట్టి తీసి, పసుపు కలిపి, పుండు మీద మెత్తి, గుడ్డతోని కట్టిండు.

"రేపటికి ఎండుతది పో," అన్నడు.

ఎండలే. మూడో దినం శాంతాబాయి ఉరుక్కుంట అచ్చింది. చెంగు నోట్లె కుక్కుకున్నది. "వస్తాదా, పోరనికి పెయ్యి కాలిపోతున్నది. కాలు కుండ లెక్క ఉబ్బింది. నన్ను గూడ గుర్తు పడుతలేడు."

టాంగ మాట్లాడి పెద్ద దవాఖానకు తీసుకపోయిన్రు. అక్కడ బాబురావ్ షావుకారి కొడుకు నందకిషోర్ డాక్టర్‌గ ఉండె. చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకోని తాలీంకు పసుపు పొట్లం అందియ్యనీకి అచ్చినోడు. రాత్రంత డ్యూటీ చేసిండో ఏమో, కండ్లు ఎర్రగున్నయి. గుడ్డ ఇప్పి మోకాలు చూసి, నర్సుకు ఏదో చెప్పి, సీతారాంను అడిగిండు.

"పుండుకు ఏం పెట్టినవు?"

సీతారాం జొరంల ఉండి గూడ అంబదాస్ దిక్కు చూసిండు. "ఏం లేదు సార్. పసుపే."

"పసుపేనా?"

"పసుపే సార్."

గోడకు ఆనుకోని నిలవడ్డ అంబదాస్ మంచం కాడికి జరిగిండు. "మట్టి పెట్టిన," అన్నడు. "హౌదాల మట్టి. నేనే పెట్టిన నందు బాబు."

డాక్టర్ ఒక్క మాట గట్టిగ అనలే. అంటే మంచిగుండు అనిపించింది అంబదాస్‌కు. డాక్టర్ తలకాయ ఊపి, సీతారాంను లోపటికి తీసుకపొమ్మన్నడు. మోకాలు కోసి చీము తీసిన్రు. వారం తిరగకముందే మళ్ళ కోసిన్రు. శాంతాబాయి వరండలనే ఉండె. అంబదాస్ రోజు పాలచెంబు పట్టుకపోయి ఆమె పక్కన పెట్టేటోడు. ఆమె తీసుకునేది, చూసేది గాదు.

ఆయితారం నాడు నందకిషోర్ తానే తాలీంకు అచ్చిండు. చెప్పులు బయట ఇడవబోయి, ఒక్క గడియ ఆలోచించి, చెప్పులతోనే లోపటికి అచ్చిండు. డాక్టర్ ఒక ఇనుప చువ్వ అడిగి తీసుకోని, వెనుకగోడ దిక్కు హౌదాల లోతుకు దించి పైకి గుంజిండు. చువ్వ కొన నల్లగ, తడిగ ఉన్నది. వాసన ఇద్దరికి తాకింది.

"కాకా, గోడ అవుతల కాల్వ ఉన్నది గద?"

"ఉన్నది."

"అది లోపటికి ఊరుతున్నది. అంత మందిది మురికి. పిలగాండ్లు దాంట్లనే పొర్లుతున్నరు. తోలు లేసిన కాడల్ల లోపటికి పోతున్నది."

"మరి నలభై ఏండ్ల సంది నాకేం గాలే."

"అప్పుడు గీ మట్టి గిట్ల లేకుండె కాకా. మట్టికి తన పర అని ఉండదు. ఏది పోస్తే అది తాగుతది." గింత చెప్పి డాక్టర్ బండ మీద కూసున్నడు, నిద్ర ఆగనోని లెక్క మొఖం రుద్దుకున్నడు. "మొత్తం తీసెయ్యాలె. ఎండల పెట్టాలె. అప్పటిదాంక ఎవలను దించకు."

"సీతారాం కాలు?"

"కాలు ఉంటది. వంగుడు మాత్రం కష్టం."

ఆ దినం అంబదాస్ ఇంటికి పోయి అన్నం ముట్టలే. కాశీబాయి అడిగితే, "ఆకలి లేదు," అన్నడు. ఆమె గూడ తినకుంట పళ్ళెం మూత పెట్టింది.

హౌదా తవ్వుతమంటే పాత పైల్వాన్లు నలుగురు అచ్చి అడ్డం పడ్డరు. మారుతి మట్టి, ఎట్లంటే అట్ల పడెయ్యద్దు, తియ్యాల్సిందే అంటే బండ్లల్ల ఏసి డప్పులు బాజాలతోని గంగల కలుపుదమన్నరు. తలుపు కాడ చల్ల కుండ పట్టుకోని నిలవడ్డ కాశీబాయి అప్పుడు నోరు తెరిసింది.

"గంగల కలుపుతే మళ్ళ మన బిందెలల్లకే గద అచ్చేది. ఊరంత అదే తాగుతది."

పైల్వాన్లు ఆమె దిక్కు చూసిన్రు. ఆడిది తాలీం ముంగట మాట్లాడుడు వాళ్ళకు కొత్త. ఒకడు మరాఠీల ఏదో గొణిగిండు. గంగల కలుపుడు మాత్రం ఎవలు మళ్ళ ఎత్తలే. తవ్వనీకి గూడ ఎవలు రాలే. ఒకనికి మోండాల పని, ఒకనికి బండి బాడిగ, ఒకనికి నడుం నొప్పి.

అంబదాస్ ఒక్కడే పార పట్టుకోని దిగిండు. మధ్యాహ్నం దాంక తవ్వితే ఒక మూల గూడ కాలే. ఊపిరి అందక బండ మీద కూలవడ్డడు. అప్పుడు కాశీబాయి కొంగు నడుంకు చెక్కుకోని, గడప దాటి లోపటికి అచ్చింది. వాళ్ళ పెండ్లైన సంది ఆమె గా గడప దాటలే. ఏ ఆడిది దాటలే. అంబదాస్ మారుతి గూడు దిక్కు ఒకసారి చూసిండు. తర్వాత గంప తీసి ఆమె దిక్కు జరిపిండు.

ఆయన తవ్వుడు, ఆమె మోసుడు. పైన ఎర్రగున్న మట్టి కిందికి పోంగ పోంగ బూడిద రంగైంది, ఇంక కిందికి పోతే నల్లటి బురద. అడుగున పారకు నీళ్ళే తగిలినయి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నరు. సాయంత్రం ఇంటికి పోయి స్నానం చేసి, కొబ్బరి నూనె రాసుకోని పండుకునేటోళ్ళు. ఎన్ని దినాలు పట్టిందో ఇద్దరికి యాది లేదు. మట్టిని ముంగట వాకిట్ల పల్సగ పరిచి ఎండబెట్టిన్రు, చుట్టు తుమ్మకంప ఏసిన్రు. అయినా గల్లీ పిల్లలు కంప దాటి ఆడనీకి అచ్చేటోళ్ళు. కాశీబాయి కట్టె పట్టుకోని కూసునేది.

ఎండినా గా మట్టికి వాసన పోలే. కొత్త మట్టి కావాలె. నాందేడ్ చుట్టు అంత నల్లరేగడి. తడిస్తే బంక, ఎండితే రాయి. కుస్తీకి ఎర్రమట్టే కావాలె. అంబదాస్ పాత దోస్తు పోచన్న లారీ నడుపుతడు. మాహూర్ దిక్కు నుంచి కట్టె తెస్తడు. ఇద్దరు కలిసి మట్టి చూడనీకి పోయిన్రు. తొవ్వల ఒక చేను కాడ మట్టి మంచిగనే కండ్లవడ్డది. అంబదాస్ చేత తీసుకోని వాసన చూడబోతే చేను ఆసామి అర్సిండు.

"ముట్టకు పెద్దమనిషి! నిన్ననే ఎండ్రిన్ పురుగుల మందు కొట్టినం పత్తికి."

ఇంకో కాడ మట్టి నిండ గాజు పెంకులు. ఇంకో కాడ ఇటుక బట్టీ బూడిద. అంబదాస్ లారీ ఎక్కి కూసోని, "పోచన్నా, మంచి మట్టి ఏడ పోయిందిరా?" అన్నడు.

"ఏడ పోతది? కిందనే ఉంటది. మీద మనం ఉన్నం," అని పోచన్న నవ్వి బీడీ ముట్టించిండు.

ఆఖరికి మాహూర్ గుట్టల కింద, ఊరికి దూరంగ ఒక వాగు ఒడ్డున ఎర్రమట్టి దొరికింది. గుట్ట మీది రేణుకమ్మకు దండం పెట్టుకోని నింపుకున్నరు. తెచ్చి, జల్లెడ పట్టి, పసుపు నూనె కలిపి హౌదాల పోసిన్రు. నందకిషోర్ చెప్పినట్టు గోడ పొంటి రాయి, సున్నం ఏసి గట్టిగ చేసిన్రు. చలికాలం అచ్చేసరికి పిలగాండ్లు మళ్ళ దిగిన్రు. గడ్డలు లేవలే. కాశీబాయి ధోతి వాసన చూసి అట్లనే ఉతికి ఆరేసింది.

సీతారాం సంక్రాంతి ముంగట దవాఖాన నుంచి ఇంటికచ్చిండు. కాలు కట్టె లెక్క చాచే ఉంటది. బస్తా ఎత్తుడు పోయింది. మాళేగావ్ జాత్రకు ఆ ఏడు తాలీం నుంచి ఎవలు పోలే.

ఎండకాలం అయిపోవస్తుంటే అంబదాస్‌కు నిద్ర పట్టకుంటైంది. వానలస్తే ఏమైతది అన్నదే రంధి. ఒకనాడు గోడ తిరిగి గుడిసెలల్లకు పోయిండు. కాల్వ సంగతి గట్టిగ మాట్లాడుదమని పోయిండు. మొదటి గుడిసెల పెంటవ్వ అని మర్ఖేల్ ఆమె ఉన్నది. ఆమె కాల్వ కాడ కూసోని మనుమరాలికి స్నానం చేపిస్తున్నది. పిల్ల కాళ్ళ నిండ కురుపులు. సీతారాం మోకాలు మొదాలు ఎట్లుండెనో అట్లనే.

"అవ్వా, గీ నీళ్ళు మా తాలీంలకు ఊరుతున్నయి," అన్నడు. వాళ్ళది ఆయనది ఒక్కటే తెలుగు. దాంతోని మాట మెత్తగనే అచ్చింది.

"తెలుసు వస్తాదా. పిలగాండ్లకు గడ్డలైనయని విన్న." ఆమె చెంబు కింద పెట్టింది. "మరి ఏడ పొయ్యాలె నువ్వే చెప్పు. గిటు మీ గోడ, అటు షావుకారి గోడ. నీళ్ళు నిలవడ్డ కాడ గీ పోరి ఆడుతది. చూసినవా దీని కాళ్ళు? దీని అన్న పోయినేడు విరేచనాలై పోయిండు. కొట్లాడుదమన్నా ఎవలతోని కొట్లాడాలె?"

అంబదాస్ కాల్వ పొంటి నడిచిండు. జాగ వాలు చూసిండు. గుడిసెల నీళ్ళు సడక్ మోరిల కలవాలంటే ఒక్కటే తొవ్వ ఉన్నది. తాలీం నడుమ నుంచి, హౌదా ఉన్న కాడి నుంచి. ఎనకటి మనుషులు మట్టి తియ్యనీకి అల్కగ ఉంటదని పల్లం చూసే హౌదా తవ్వినట్టున్నరు. అది చూసినంక గూడ ఆయన ఎవలకు చెప్పలే. ఒక్క కాశీబాయికి చెప్పిండు.

"నువ్వేమంటవు?" అని అడిగిండు.

"నేనేమంట? తాలీం నీది."

"నాది గాదు. మారుతిది."

"మరి మారుతిని అడుగు," అని ఆమె బర్లకు కుడితి పెట్టనీకి పోయింది.

మిరుగు కార్తె దాటి వానలు పట్టినయి. సున్నం గోడ కొన్ని దినాలు ఆపింది. నాగపంచమి దగ్గరికచ్చింది. నాగపంచమంటే తాలీంకు పెద్ద పండుగ, ఊరంత కుస్తీ చూడనీకి అస్తది. పిలగాండ్లు దండీలు బస్కీలు అని కసరత్తు జోరు చేసిన్రు. ఒకనాడు వాళ్ళు రాకముందే అంబదాస్ వెనుకగోడ మూలకు మోచేతి లోతుకు తవ్విండు. మట్టి తడిగున్నది. తీసి వాసన చూసిండు. ఈసారి ఆయన ముక్కు ఆయనకు అబద్ధం చెప్పలే.

పార గోడకు ఆనిచ్చి బండ మీద కూసున్నడు. మొదటి పిలగాడు లంగోటు కట్టుకుంట అచ్చి హౌదాలకు దిగబోతే చెయ్యి అడ్డం పెట్టిండు.

"దిగకు."

"ఎందుకు వస్తాదా? ఇంక గడ్డలు ఎవలకు లేవలే గద."

"లేసినంక ఆపితే ఏం ఫాయిద? దిగకు అన్న గద."

నాగపంచమికి ఆ తాలీంల కుస్తీ కాలే. పిలగాండ్లు కొందరు ఇత్వారా దిక్కు తాలీంకు పోయిన్రు. "వస్తాదు ముసలోడైండు, భయం పట్టింది," అని చెప్పుకున్నరు. అంబదాస్ చెవుల వడ్డది. భయం పట్టిన మాట నిజమే గద అనుకున్నడు.

వాన ఎలిసినంక ఆయన వెనుకగోడకు గడ్డపార ఏసిండు. అవుతల నుంచి గుడిసెలోళ్ళు, ఇవుతల నుంచి ఆయన, పోచన్న. గోడ పలిగిన కాడ పెంటవ్వ కొడుకు తల లోపటికి పెట్టి, "మాకోసం చేస్తున్నవా వస్తాదా?" అని అడిగిండు.

"ఏమో. నీళ్ళు పోవాలె," అన్నడు అంబదాస్.

హౌదా చుట్టున్న బండలు పెకిలించి కాల్వకు రెండు దిక్కుల పరిచిన్రు. తాలీం నడుమ నుంచి నీళ్ళు సడక్ మోరిల పడ్డయి. మారుతి గూడు ముంగట ఒక మూల మాత్రం జాగ మిగిలింది. అక్కడ ఇద్దరు ముగ్గురు పిలగాండ్లు ఇనుప గుండ్లు ఎత్తుకుంట ఉండేటోళ్ళు.

తీసిన ఎర్రమట్టి కుప్ప పడి ఉంటే గల్లీ ఆడోళ్ళు గంపలు పట్టుకోని అచ్చిన్రు. పొయ్యిలు అలుకనీకి, గోడలకు పూయనీకి. మాహూర్ మట్టి, మారుతి తాకిన మట్టి అని వాళ్ళకు ముచ్చట. అంబదాస్ కుప్ప ముంగట నిలవడి చేతులు చాపిండు.

"వద్దు తల్లీ. తీసుకపోకున్రి. పిల్లలు గోడలు గీకి తింటరు."

"దేవుని మట్టి గద వస్తాదా!"

"దేవునిదే. గని ఖరాబైంది."

గా మాట తన నోటి నుంచే అచ్చిందని కొంచెంసేపటికి గని ఆయనకు తెలువలే. ఆడోళ్ళు వట్టి గంపలతోని పోయిన్రు. కొందరు తిట్టుకుంట పోయిన్రు.

నందకిషోర్ చెప్పంగ సీతారాంను బాబురావ్ షావుకారి తన పిండిగిర్నిల కూసోబెట్టుకున్నడు. కాలు చాపుకోని, ఎత్తు పీట మీద కూసోని, జొన్నలు పోసుడు, పిండి పట్టుడు. ఆ ఏడు దసర ముంగట అంబదాస్ జొన్నల సంచి పట్టుకోని గిర్నికి పోయిండు. సీతారాం కనుబొమ్మలు, మీసాలు పిండితోని తెల్లగున్నయి. సంచి అందుకోని జొన్నలు పట్టిండు. గిర్ని సప్పుడు ఆగినంక చెప్పిండు.

"తాలీంల మోరి పారుతున్నదంట గద."

"పారుతున్నది."

"పెంటవ్వ మనుమరాలు మా అమ్మ కాడికి అస్తది ఆడుకోనీకి. కాళ్ళు మంచిగైనయి దానియి."

"అట్లనా."

"నా కాలు చూసి నవ్వుతది పోరి. కట్టె కాలు మామా అంటది." సీతారాం నవ్విండు. అంబదాస్‌కు నవ్వు రాలే. ఆయన సీతారాం మోకాలు దిక్కు చూడనీకి చూసిండు గని, చూపు పిండి సంచి మీదికే పోయింది.

"సీతారాం, నన్నేమన్న అనాలనుకుంటే అను," అన్నడు.

సీతారాం సంచి మూతి కట్టుకుంట ఆలోచించిండు. "అననీకి ఏమున్నది వస్తాదా? మొదట్ల చాన అనుకున్న, దవాఖానల పండుకున్నప్పుడు. ఇప్పుడు పొద్దంత గిర్ని సప్పుడుకే తల తిరుగుతది. ఇంటికి పోయి పండుకుంట." సంచి జరిపిండు. "మోస్తవా? ఎవలనన్న పంపన్నా?"

"మోస్త," అన్నడు అంబదాస్.

సంచి భుజాన ఏసుకోని గల్లీల నడిచిండు. మొదటి మలుపు కాడ ఒక అరుగు మీద సంచి దించి కూసున్నడు. అరుగింటామె లోపట నుంచి చూసి, నీళ్ళ చెంబు తెచ్చిచ్చింది. తాగి, చెంబు ఆమె చేతికిచ్చి, సంచి భుజానికెత్తుకోని మళ్ళ లేచిండు.